మూడు పంపుల ఎండాకాలం

ఆ ఎండాకాలం ఊరంతా బోర్ల వైపు చూస్తుంటే, మా ఇంట్లో అందరూ నా రవిక వైపు చూశారు.

"పాలు పడినాయా?" అని పొద్దున లేవగానే మా అత్త భద్రమ్మ అడిగేది.

"బోరులో నీళ్ళు పడినాయా అన్నట్టు అడుగుతావే అత్తా," అంటే నవ్వేది కాదు. పాప ఏడిస్తే పాలు చాలక ఏడ్చిందనేది. పాప నిద్రపోతే పాలు చాలక సొమ్మసిల్లిందనేది. పాప ఊరికే కళ్ళు తెరిచి దూలాల వైపు చూస్తున్నా ఆమెకు అందులో ఆకలే కనపడేది.

పాపకు మూడో నెల నడుస్తుండగా నా సెలవు అయిపోయింది. మా ఊరి పాల కేంద్రంలో నా పని. పొద్దున తెల్లవారుజాము నుంచి ఎండ ఎక్కేదాకా, మళ్ళీ సాయంత్రం దీపాల వేళ దాకా రైతులు తెచ్చిన పాలు పరీక్ష చేసి, ఫ్యాట్ చూసి, క్యాన్లలో పోయించాలి. బీఎస్సీ చదివి పాలు కొలవడమేమిటని మా నాయన అప్పట్లో గొణిగాడు గానీ, గడప దాటి నడిచిపోయే దూరంలో నెలజీతం దొరకడం కొత్తచెరువు చుట్టుపక్కల ఎంత అదృష్టమో ఆయనకూ తెలుసు. వారంలోగా రాకపోతే ఇంకొకరిని చూసుకుంటామని కేంద్రం మేనేజరు ఫోన్ చేసి చెప్పాడు.

"పో, ఎవురొద్దన్యారు," అంది అత్త. "డబ్బా తెప్పించు. నేను తాపుతా."

"నా పాలు ఉండంగ డబ్బా ఎందుకత్తా?"

"పనికి పోయేదానికి పాలు నిలవవు పాపా. కరువు పనికి పోయి తట్టలు మోస్తాంటి నేను. చూస్తాండంగనే ఎండిపాయె. నీ మొగుణ్ణి రాగి గంజి తేట పోసి పెంచినా. వాడేమన్నా తక్కువ పెరిగినాడా?"

నా మొగుడు నాగేశ్వర ఆ మాటకు తలెత్తలేదు. అన్నం కలుపుకుంటూ కంచంలోకే చూశాడు. అతడి పని బోర్లలో మోటర్లు దించడం, కాలిపోయినవి పైకి లాగి బాగుచేయడం. వేసవిలో అతడికి తినడానికి కూడా తీరిక ఉండదు.

ఆ వారమే నర్సు కృపాకుమారి పాప బరువు చూడ్డానికి వచ్చింది. గుడ్డ ఉయ్యాలలాంటి తక్కెడలో పాపను వేలాడదీసి, ముల్లు వైపు చూసి, పెదవి విరిచింది.

"పెరగల్లే. ఇంతే ఉంటే కుదరదు సునందా. వచ్చే నెల మల్ల చూస్తా."

"నేను పనికి పోవల్ల అక్కా."

"పో. పోయే ముందు పిండి పెట్టి పో. దానికి పంపులు ఉండాయి, ఒకటి కొనుక్కో."

ఏది కొనాలో అడిగేలోపు ఆమెకు ఫోన్ వచ్చింది. ఎవరికో పక్కూర్లో నొప్పులట. బండెక్కి వెళ్ళిపోయింది. అత్త మాత్రం ఒక మాట పట్టుకుంది. వచ్చే నెల.

"అప్పటికీ ముల్లు జరక్కపోతే నా మాట ఇనల్ల," అంది. నేను సరేనన్నాను. సరేననకుండా ఉండాల్సిందని ఆ సాయంత్రమే అనిపించింది.

మొదటి పంపును నాగేశ్వర కొత్తచెరువులో మందులంగడి నుంచి తెచ్చాడు. పాత పేపర్లో చుట్టి, ఆ పేపరును ఇంకో కవర్లో పెట్టి, ఆ కవరును చొక్కా లోపల దాచుకుని వచ్చాడు.

"ఇంతసేపా?" అన్నాను.

"అంగట్లో అంతా ఆడోళ్ళే నిలబడి ఉండ్రి. నోరు పెగల్లా. పంపు కావల్ల అంటి. ఆయాసానికి పీల్చేదా అన్యాడు. ఊ అనేసినా. దుడ్లిచ్చి బయటికొచ్చి చూస్తే అది నిజంగానే ఆయాసానిది. మల్ల పోయి, అందరూ పోయినంక చెప్పి, మార్చుకొనొస్తి."

పేపరు విప్పితే లోపల గాజు గరాటు, దాని వెనకాల ఎర్ర రబ్బరు బుగ్గ. అత్త దాన్ని తీసుకుని ఒకసారి నొక్కింది.

"ఇది ఆటో హారన్ మాదిరి ఉండాదే," అంది.

గదిలోకి పోయి, తలుపు దగ్గరకు వేసి కూర్చున్నాను. బుగ్గ నొక్కి వదిలితే రొమ్ము చివర మాత్రం చురుక్కున పట్టుకుని లాగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ గరాటులో అడుగు తడవడమే కష్టమైంది. ఆ తడిసినవి కూడా వంచితే సీసాలోకి రాకుండా వెనక్కి, రబ్బరు బుగ్గలోకి పోయాయి. బుగ్గలోకి వేలు పోదు, బ్రష్షు పోదు. కాచిన నీళ్ళు పోసి ఎంత కదిపినా రెండో రోజుకు దాని నుంచి పులిసిన వాసన వచ్చింది. క్యాన్ మూత రబ్బరు సరిగా కడగని రైతు పాలను మూత తీయకముందే పట్టేస్తాను నేను. అలాంటి వాసన నా బిడ్డ పాలకు రానిస్తానా. తీసి వాకిట్లో పడేశాను. పక్కింటి చిన్నక్క మనవడు దాన్ని చాలా రోజులు పాం పాం అనిపించుకుంటూ తిరిగాడు.

ఈలోగా పనిలో చేరిపోయాను.

పనిలో ఉంటే మనసు ఇంట్లో, ఇంట్లో ఉంటే మనసు గడియారం మీద. పాలు పరీక్ష చేసే కప్పు చేతిలో ఉండగానే పాప ఏడుపు వినపడ్డట్టయి వీధి చివరి దాకా చూసేదాన్ని. ఇంటికి వస్తే, సాయంత్రం మళ్ళీ పోవాలి కదా అని కూర్చున్న చోట కుదురుగా కూర్చోలేకపోయేదాన్ని. తోమిన గిన్నెలే మళ్ళీ తోమేదాన్ని. కేంద్రం పక్కన కట్టేసిన దూడ అంబా అన్నదంటే చాలు, నా రవిక తడిసిపోయేది. కొంగు నిండా కప్పుకుని, రైతులు చూస్తారేమోనని బల్లకు ఆనుకుని నిలబడేదాన్ని. పాలు లేవన్న మాట అబద్ధమని ఒళ్ళు చెబుతూనే ఉంది. పంపు పెడితే మాత్రం ఆ ఒళ్ళే బిగదీసుకునేది.

మా కేంద్రం సంగతి ఒకటి చెప్పాలి. రైతులు తెచ్చే క్యాన్ల మూతల మీద బొగ్గుముక్క, ఎండుమిరపకాయ కనపడతాయి. అన్నిటి మీదా కాదు. కొత్తగా ఈనిన ఎనుము, అంటే గేదె, పాల మీద, వెన్న బాగా పడే పాల మీద పెడతారు. వీధిలో నలుగురి కళ్ళ ముందు నడిచి రావాలి కదా, దిష్టి తగలకూడదని. వట్టిపోతున్న ఎనుము పాల మీద బొగ్గు పెట్టినవాళ్ళను నేను చూడలేదు. దిష్టి తగిలేంత పాలు ఉంటేనే కదా ఆ భయం. నేను ఆ బొగ్గుముక్కలు తీసి మెట్టు కిందికి విసిరేసేదాన్ని. అక్కడ ఎప్పుడూ ఒక నల్లటి కుప్ప ఉండేది.

రెండో పంపు నాగేశ్వర సొంత తెలివి. మంచం మీద వెల్లకిలా పడుకుని ఫోన్లో వేలితో జరుపుతూ జరుపుతూ ఒకచోట ఆగాడు.

"ఇదో చూడు. అన్నిట్లోకి దీని గుంజుడే ఎక్కువ. కరెంటుది. చిన్నది తెస్తే మల్ల మార్చల్ల. ఒకేపారి పెద్దది ఏసేద్దాం."

ఎంత లాగుతుందన్నదే చూశాడు. రొమ్ముకు ఆనించే కప్పు ఎంత ఉందో అతడూ చూడలేదు, నేనూ చూడలేదు. పెట్టె వచ్చాక విప్పితే అరచేతిలో పట్టనంత మోటరు, దానికి రెండు గొట్టాలు, ప్లగ్గు. నాగేశ్వర దాన్ని తిప్పి తిప్పి చూసి, చెవి దగ్గర పెట్టుకుని, "బేరింగు బాగుండాది," అన్నాడు.

కానీ మా ఊర్లో వేసవి కరెంటు మన ఖాళీ చూసి రాదు. మధ్యాహ్నమంతా ప్లగ్గు పెట్టుకుని కూర్చున్నాను. ఫ్యాను కదల్లేదు. నేను కేంద్రానికి బయల్దేరే వేళకు టక్కున వచ్చింది. చెప్పులు విడిచి లోపలికి పరుగెత్తాను.

"పుల్లు పెట్టు. తొందరగా అయిపోతాది," అన్నాడు నాగేశ్వర తలుపు అవతల నుంచి.

నాకూ తొందరే. చివరి దాకా తిప్పాను. గుర్రుమని ఇల్లంతా మోగింది. గోడ అవతల నుంచి చిన్నక్క గొంతు వినిపించింది.

"ఏం భద్రమ్మా, కొత్త గ్రైండరు కొన్యారా? ఏం రుబ్బుతాండారు?"

అత్త ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "ఉద్దిబేడలు. దోశెలకు."

"అట్లయితే రేప్పొద్దున నాలుగు ఇట్ల పంపించు. మీ ఇంటి దోశె తిని ఎన్ని దినాలాయెనో."

అత్త ఆ రాత్రికి నిజంగానే ఉద్దిబేడలు నానబెట్టాల్సి వచ్చింది. పంపు మోగినప్పుడల్లా చిన్నక్క ఇంటికి దోశెలు పోతే మన ఇల్లు మునిగిపోతుందని ఆమె నాగేశ్వరతో అన్న మాట నాకు గదిలోకి వినపడింది. నవ్వొచ్చింది గానీ నవ్వే స్థితిలో లేను. ఆ మోటరు చర్మాన్నంతా కప్పులోకి లాక్కుని వదిలింది. చివర చీలి నెత్తురు కనపడింది. మరుసటి రోజుకు ఒక పక్క రాయిలా గట్టిపడి, ఒళ్ళు కాలింది.

అత్త వచ్చి నా పక్కన కూర్చుంది. వేడినీళ్ళలో గుడ్డ ముంచి పిండి, కాపడం పెట్టి, గడ్డను వేళ్ళతో మెల్లగా వత్తింది. ఆ పక్కనే పాపను పట్టించి తాగించింది. ఆమె చేతుల్లో అంత మెత్తదనం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. తిట్లన్నీ కొడుక్కి దాచిపెట్టింది.

"ఏమిరా, ఊర్లో బోర్ల దగ్గర ఏం చెప్తావు నువ్వు? ఊట చూసి మోటరు ఎయ్యల్ల, లేకుంటే బురద గుంజుతాది, మోటరు కాలిపోతాది అని చెప్తావు గదా. ఊరికంతా బుద్ధులు చెప్తావు. ఇంటి ఆడదాని దగ్గరికొచ్చేకొందికి ఆ బుద్ధి యాడికి పాయెరా?"

నాగేశ్వర చేతిలో స్పానరు ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు. తరువాత వచ్చి, పంపు మీద మీటను అన్నిటికంటే కిందికి తిప్పి పెట్టి, బయటికి పోయాడు.

గడ్డ తగ్గింది. భయం తగ్గలేదు. కరెంటు ఉన్నప్పుడు కూర్చుని, చిన్నగా పెట్టి, నొప్పి మొదలవగానే ఆపేసేదాన్ని. సీసా అడుగున ఏవో నాలుగు గుక్కలు. అవి కూడా పల్చగా, నీలంగా ఉండేవి. ఒకరోజు అత్త ఆ సీసాను వెలుతురుకు పట్టి చూసింది.

"ఇవతల నుంచి చూస్తే అవతల గోడ కనపడతాండాది," అంది. ఎత్తిపొడుపు కాదు. ఉన్నమాట అన్నట్టే అంది. అందుకే అది నాకు లోపల దిగింది.

నా చేతిలో పాలు చూసే మిషన్ ఉంది. ఊర్లో ఎవరి పాలైనా చిక్కనివో పల్చనివో తేల్చేది నేనే. ఆ బుద్ధే నన్ను చెడగొట్టింది.

మర్నాడు తెల్లవారుజామున రైతులు రాకముందే కేంద్రం తలుపు తీశాను. సంచిలోంచి సీసా తీసి కప్పులో పోసి, మిషన్ గొట్టం అందులో ముంచాను. అది కాసేపు గుడగుడమంది. అంకెలు వచ్చాయి. ఫ్యాట్ రెండు కూడా రాలేదు. కింద, ఎన్ని నీళ్ళు కలిశాయో చూపించే చోట, ఇంతవరకు ఏ రైతుకూ చూపించనంత అంకె వెలిగింది.

"ఎవురివమ్మా అవి?"

వెనక ఎర్రిస్వామి. క్యాన్ దించి, అద్దాలు సర్దుకుని, అంకెల మీదికి వంగి చూస్తున్నాడు. వరుసకు మామ అవుతాడు. మాటకు ముందు మాట వేసే మనిషి.

"పేరు చెప్పు పాపా. ఊర్లో తాగేకి నీళ్ళు ల్యాక చస్తాంటే, పాలల్లో పోసేకి ఈనికి యాడ దొరికినాయో. వాని బోరు యాడుందో కనుక్కుంటే మనకు కూడా పని జరుగుతాది."

"ఎవురివీ కాదు మామా. మిషన్ కడుగుతాండా," అని బటన్ నొక్కి అంకెలు చెరిపేశాను.

"కడుక్కో కడుక్కో. అట్లాంటోణ్ణి మాత్రం ఇడిసిపెట్టద్దు."

ఆ పొద్దంతా ఎవరి పాలకు ఏం అంకె చెప్పానో నాకే తెలియదు. ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకుండానే అన్నాను.

"డబ్బా తెప్పించు అత్తా."

అత్త గెలిచినట్టు ఒక నవ్వు నవ్వి ఉంటే తట్టుకునేదాన్ని. ఆమె నా ముఖంలోకి చూసి, "నాకూ ఇట్లనే ఆయె," అంది. డబ్బా ముందే తెప్పించి బియ్యం డ్రమ్ము వెనకాల పెట్టి ఉంది. నీళ్ళు కాచి, పొడి కలిపి, ఉగ్గుగిన్నెతో పట్టింది. పాప గుటగుటా తాగి, పెదాల మీద తెల్లటి గీతతో నిద్రపోయింది. బిడ్డ కడుపు నిండిందని సంతోషించాలో, నా ఒళ్ళో కాకుండా నిద్రపోయిందని ఏడవాలో తెలియలేదు. ఉన్నచోట ఉండలేక మిద్దె ఎక్కాను. ఎండలో ఊరి చుట్టూ ఎర్రనేల మండుతోంది. మిద్దె దిగాను. మళ్ళీ ఎక్కాను.

"ఏమే, కాలు కాలిన పిల్లి మాదిరి తిరుగుతాండావు. కూర్చో," అంది అత్త. కూర్చుంటే రవిక తడిసింది. నీళ్ళే కదా, తడవనీ అనుకున్నాను.

అలా కొన్నాళ్ళు. పొద్దున, సాయంత్రం నేను లేని వేళల్లో డబ్బా పాలు. మధ్యలో నేను. నా దగ్గరికి వచ్చినా పాప అంతకుముందులా తొందరపడేది కాదు. పంపు మూల పడింది. ముల్లు చూసే రోజు దగ్గరపడుతోంది.

అప్పుడొక పొద్దున ఎర్రిస్వామి క్యాన్ మూత మీద కొత్తగా పెద్ద బొగ్గుముక్క, రెండు మిరపకాయలు కనపడ్డాయి. వాళ్ళ ఎనుము ఈనినప్పుడు ఊరంతా జున్ను పంచినంత హడావిడి చేశాడు. ఆ పాలు కేంద్రానికి తేవడం మొదలుపెట్టి అప్పటికే వారం దాటింది. రోజూ బొగ్గు మార్చేవాడు. ఆ రోజు గొట్టం ముంచితే ఫ్యాట్ సగానికి సగం పడిపోయింది.

"ఏమి, నా ఎనుము పాలల్లో వెన్న ల్యాదంటావా?" అన్నాడు. "ఇంగోసారి చూడు. మిషన్‌కు ఏదో రోగమొచ్చింది."

ఇంకోసారి చూశాను. అదే అంకె. వెనక వరుసలో ఎవరో నవ్వారు. ఎర్రిస్వామి ముఖం ఎర్రబడింది.

"మొన్న ఎవురివో నీళ్ళ పాలు పట్టుకున్యావే, వాని పేరు ఇప్పటిదంకా చెప్పకపోతివి. నా మీద మాత్రం నీళ్ళు పోస్తివని అంటాండావు."

"నేను నీళ్ళని అనలేదు మామా. ఫ్యాట్ తక్కువని అంటాండా. ఈ పొద్దు ఎవురు పిండినారు?"

"నా కోడలు. నా బొటనేలు వాచింది."

"కడాదంకా పిండిందా?"

"దూడ బక్కగా ఉండాదని సగం దానికి ఇడిసినామంది."

"అదే మరి. మొదట వచ్చేవి పల్చటి పాలు మామా. వెన్నంతా ఎనకాల వస్తాది. సగంలో లేసి తెస్తే నీళ్ళ మాదిరే చూపిస్తాది. కడాకు పిండి, అన్నీ కలిపి తీసకరా. ఎనుము బాగానే ఉండాది."

ఈ మాటలు కేంద్రంలో చేరినప్పటి నుంచి చెబుతున్నాను. వారానికి ఎవరో ఒకరికి చెప్పాల్సి వస్తుంది. ఆ రోజు కూడా అలవాటుగానే చెప్పి, తరువాతి కప్పు అందుకున్నాను. కప్పు చేతిలోనే ఉండిపోయింది. మిషన్ వైపు చూశాను. దానికి రెండే బటన్లు. ఒకటి ఆవు, ఒకటి ఎనుము. మనిషిది లేదు.

"పాపా, పొయ్యనా వద్దా?" అని తరువాతి మనిషి అడిగాడు.

"పొయ్యి," అన్నాను.

కేంద్రం మూసి, ఇంట్లో మూల పడిన పంపును సంచిలో వేసుకుని, నేరుగా కృపాకుమారి కూర్చునే ఆరోగ్య ఉపకేంద్రానికి పోయాను. టీకాల పెట్టె సర్దుతున్న ఆమెకు సీసా అడుగున పడే పల్చటి నాలుగు గుక్కల సంగతి చెప్పాను.

"ఎంతసేపు పిండుతాండావు?" అని అడిగింది.

"నొప్పి పుట్టేదంకా."

"నొప్పి ఎప్పుడు పుడతాది?"

"కూర్చోంగానే."

కృపాకుమారి నావైపు ఒకసారి తేరిపార చూసింది. "పాలు దిగే చేపు రాకముందే లేస్తాండావన్నమాట. ఎనుమునైనా పొదుగు తడిపి, కాసేపు తడిమి, దూడను ఇడిసి, అప్పుడు గదా చెయ్యి ఏస్తారు. నువ్వేమో నేరుగా మోటరు ఏసినావు. దాని కప్పు ఎంత ఉండాదో చూసినావా?"

చూడలేదు. ఆమె చిన్న టేపు తీసి రెంటినీ కొలిచి, నా పంపు కప్పు నాకు చాలా పెద్దదని తేల్చింది. సరిపడని కప్పులో చర్మమంతా పోయి రాసుకుంటుందని, మోటరు తప్పేం లేదని, సరైన కప్పు, నిలకడైన కరెంటు ఉన్నవాళ్ళకు అది బంగారంలాంటిదని చెప్పింది.

"మీకు కరెంటు ఎప్పుడు ఉంటాదో చెప్పు," అంది.

"నేను ఇంట్లో లేనప్పుడు."

ఇద్దరం నవ్వాం. ఆమె అలమరలోంచి తన పంపు తీసి చూపించింది. చేత్తో మీట నొక్కేది. ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఊర్లు తిరిగినప్పుడు వాడిందట. "చూసుకో. అయితే ఇది నీకియ్యను. ఒకరిది ఇంకొకరు వాడకూడదు," అంది.

నేను దాన్ని విప్పాను. మా కేంద్రంలో క్యాన్ మూతలు ఎలా చూస్తానో అలాగే చూశాను. ఎన్ని ముక్కలవుతుంది. ప్రతి ముక్కలోకి వేలు పోతుందా. మూలల్లో పాలు నిలిచే సందులున్నాయా. ఉడికే నీళ్ళలో వెయ్యొచ్చా. ఆ చిన్న రబ్బరు నాలుక చిరిగితే విడిగా దొరుకుతుందా. పాలు వెనక్కి పోయే దారి ఉందా. మొదటి పంపుకీ రెండో పంపుకీ నేను అడగని ప్రశ్నలన్నీ అప్పుడు అడిగాను.

నాగేశ్వరకు కప్పు కొలత ఒక ముక్క కాగితం మీద రాసిస్తే, చూసి తల పంకించాడు. "కేసింగు పైపు కొలత తప్పితే మోటరు దిగదు," అన్నాడు తనలో తాను. మర్నాడు పని మానుకుని అనంతపురం పోయాడు. పసిపిల్లల సామాన్ల అంగట్లో, ఆడవాళ్ళ మధ్యలో నిలబడి, "మా ఇంట్లో పాలు పిండుకునే చేతి పంపు కావల్ల, ఈ కొలత కప్పుది," అని గట్టిగానే అడిగాడట. ఈసారి సరుకు చొక్కాలో దాచుకోలేదు. సంచి చేతికి తగిలించుకుని, బస్సు దిగి, వీధి మధ్యలో నడుచుకుంటూ వచ్చాడు.

తెల్లవారుజామున ఇంకా కోళ్ళు కూయకముందే గోడకు ఆనుకుని కూర్చున్నాను. గోరువెచ్చటి గుడ్డ కాసేపు పెట్టుకున్నాను. పాపను ఒక పక్క పట్టించి, రెండో పక్క కప్పు ఆనించాను. కప్పు సరిగా కూర్చుంది. మొదట చిన్న చిన్న నొక్కులు, పాప తొలి గుక్కల్లాగా. ఏమీ రాలేదు. చెయ్యి గట్టిగా నొక్కబోయింది. ఆపుకున్నాను. పాప తాగుతూ తాగుతూ కాలితో నా కడుపులో తన్నింది. లోపల ఎక్కడో సన్నగా జలదరించింది. చేపు వచ్చింది.

సీసాలోకి ముందు నీలంగా పడ్డాయి. పడనిచ్చాను. చెయ్యి నొప్పెట్టింది, చెయ్యి మార్చాను. కేంద్రం టైమవుతోందని మనసు లాగింది. లేవలేదు. ధార సన్నబడింది, బొట్లయింది, ఆగింది. కాసేపాగి మళ్ళీ నొక్కితే మళ్ళీ వచ్చాయి. ఈసారి వచ్చినవి నెమ్మదిగా, బరువుగా, గాజుకు అంటుకుంటూ జారాయి.

అత్త కాఫీ తెచ్చి గడప దగ్గర ఆగిపోయింది. లోపలికి రాలేదు, వెనక్కీ పోలేదు. కాఫీ చల్లారేదాకా అక్కడే నిలబడి, "మల్ల కాచుకొనొస్తా," అని వెళ్ళింది.

సీసాను ఫ్రిజ్‌లో పెట్టి కేంద్రానికి పోయాను. తిరిగొచ్చేసరికి డబ్బా పాలు కలిపిన గిన్నె ఎక్కడా కనపడలేదు.

"ఏం తాపినావత్తా?"

"ఉండేవే తాపినా," అంది. అంతే.

రెండో రోజు, మూడో రోజు కూడా అంతే. కరెంటు పోతే అత్త సీసాను తడిగుడ్డలో చుట్టి, నీళ్ళకుండ పక్క ఇసుకలో దించి, అదీ ఎక్కువసేపు ఉంచకుండా ముందే పాపకు పట్టేసేది. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. ముల్లు చూసే రోజు కృపాకుమారి పాపను తక్కెడలో వేలాడదీసినప్పుడు అత్త దూరంగా స్తంభాన్ని పట్టుకుని నిలబడింది. కృపాకుమారి ముల్లు చూసి, మళ్ళీ ఒకసారి పాపను తీసి వేసి, మళ్ళీ చూసి, "ఇది సరిపోతాది," అంది. అత్త లోపలికి పోయి పొయ్యి రాజేసింది.

మర్నాడు పొద్దున కేంద్రంలో ఎర్రిస్వామి క్యాన్ దించి, తన పాల అంకె చూసి మీసం దువ్వుకుని, నా వైపు వంగాడు.

"ఇప్పుడన్నా చెప్పు పాపా. ఆ నీళ్ళ పాలు ఎవురివి?"

"మా ఇంటివే మామా," అన్నాను.

"మీకు ఎనుము యాడుండాది?" అన్నాడు. తరువాత ఏదో తట్టినట్టుంది. అద్దాలు తీసి తుడుచుకుంటూ, "బిడ్డ బాగుండాది కదా," అని మెల్లగా అడిగాడు.

"బాగుండాది."

ఇంటికి వచ్చేసరికి చిన్నక్క మా వాకిట్లో ఉంది. చెంబు చేత పట్టుకుని, ఎండ చంపుతోందని, చల్లటి నీళ్ళు ఇమ్మని అడుగుతూ వంటింట్లోకి వచ్చింది. ఎప్పుడూ తనే ఫ్రిజ్ తీసి సీసా తీసుకునే మనిషి. ఆ రోజు అత్త గబగబా లేచి ముందుకు పోయింది. తలుపు కొంచెమే తెరిచి, తన ఒళ్ళంతా అడ్డం పెట్టి, నీళ్ళ సీసా బయటికి లాగి, తలుపు మూసేసింది.

"ఏం దాచినావు భద్రమ్మా అందులో?"

"ఏముంటాది. దోశె పిండి."

చిన్నక్క వెళ్ళాక నేను ఫ్రిజ్ తీశాను. పైఅరలో నా సీసా. పాలు తేరుకుని పైన వేలెడు మందాన మీగడ కట్టింది. సీసా పక్కనే పొయ్యిలోంచి తీసిన బొగ్గుముక్క, దాని మీద ఒక ఎండుమిరపకాయ.

కేంద్రంలో అయితే తీసి మెట్టు కిందికి విసిరేదాన్ని. సీసా తీసి అత్త చేతికిచ్చాను. బొగ్గును, మిరపకాయను ఎక్కడివక్కడే ఉంచి తలుపు మూశాను.